కల్లం లెక్క

మా జిల్లాల మందు లేదు.
ముప్పై ఏండ్ల కిందనే సర్కారు కాగితం మీద ఇంకిపోయింది.
మందే లేని కాడ తాగుబోతులు ఎట్లుంటరు?
గందుకే నేను సుత లేను.
లేని మనిషిని, రోజూ పొద్దుగూకినంక
గోదారి వంతెన దాటి
అవుతలి ఒడ్డున కొంచెంసేపు ఉండి వచ్చేటోణ్ని.

ఎల్లుబాయి దవఖానకు పోయి అడిగిందట:
"ఇసొంటోళ్లకు ఎక్కడన్న బడి ఉన్నదా?"
కుంభారే సిస్టరు గోలీల డబ్బ చింపి
వెనుక దిక్కు రాసిచ్చింది.
బుధవారం. ఆరున్నర. సిరొంచ.
పాత ఫారెస్టు క్వార్టరు, మూడో తలుపు.
క్వార్టరు అన్న కాడ
నాకు నవ్వొచ్చింది.
ఎల్లుబాయికి రాలే.

ఆ అట్టముక్క అంగి జేబుల
రెండుసార్లు ఉతుకుల పడ్డది.
అక్షరాలు పోయినయి, దారి యాదికున్నది.
మొదటి బుధవారం అంకీసల ఎర్రబస్సు ఎక్కి
మూడో తలుపు దాక వచ్చిన.
లోపట ఎవరో దగ్గిండ్రు.
ఆ దగ్గు ఎరికైన దగ్గు.
మర్రిపోయిన.
ఆ రాత్రి వంతెన మీది దీపాలు
పోంగ లెక్కపెట్టిన,
రాంగ లెక్క తప్పింది.

నేను లెక్కల మనిషిని, చెప్పలే గదా.
తునికాకు కల్లంల కల్లేదారును.
యాభై ఆకులకు ఒక కట్ట,
నూరు కట్టలకు నా నోట ఒక కేక.
ఇరవై ఎండకాలాలు అరిచిన.
ఆఖరి ఏడు, తలండి లచ్చు పరిచిన రెండు నూర్ల కట్టలు
నా పుస్తకంల నూటా నలభై అయినయి.
దొంగతనం కాదు.
పొద్దుగాలనే రెండు గుక్కలు పడ్డయి లోపటికి, గంతే.
లచ్చు ఏమనలే.
నడుముకు కట్టుకున్న తాడు ముళ్లను
వేలితోటి ఒక్కొక్కటే తడుముకుంట పోయిండు.
నన్ను వేరేవాళ్లు తీసేసిండ్రు, వేరే తప్పుకు.

మూడు బుధవారాలు పోయినంక
తలుపు లోపటికి పోయిన.
ఆరు కుర్చీలు, ఒక తడక, స్టీలు కేటిలి.
దగ్గిన మనిషి లచ్చే.

ఉరాడే మాస్తరు మరాఠీల అడిగిండు, ఎన్ని దినాలని.
"పొద్దుగాల నుంచి" అన్న.
"అయితే అర్ధం దినం" అని నెత్తి ఊపిండు.
రాసుకుంటడేమోనని చూసిన.
గీడ పుస్తకం లేదు, సంతకం లేదు,
ఇంటిపేరు సుత అక్కరలేదట.
రాత లేని కాడ
నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలె?
గ్లాసు పట్టుకున్న. చాయ మోకాలి మీద ఒలికింది.
ఎవరూ చూడలే. అంటే, అందరూ చూసిండ్రు.

లచ్చు వంతు వచ్చింది.
మాడియల మాట్లాడిండు, చానసేపు.
మాస్తరుకు తెలువది, పక్కన డ్రైవరుకు తెలువది.
నాకు ఆ భాషల అంకెలే వచ్చు,
కల్లం నేర్పిన అంకెలు.
ఉండి, రండు, మూండు...
మూడు కాడ ఆగిండు.
మూడు ఏందో,
ఏండ్లో, పిల్లలో, పోయిన ఎడ్లో,
ఇప్పటికీ అడగలే.

బయట ఆఖరి బస్సుకు ఇద్దరం నిలబడ్డం.
వంతెన దీపాలు అటే ఉన్నయి.
నోరు పీచు పీచు అయింది.
అరగంటకు గొంతు పెగిలింది:
"లచ్చూ, నీవి అరువై కట్టలు..."

బీడీ ముట్టించబోయి ఆగిండు.
తెలుగులనే అన్నడు,
సంతల ధర సరిచేసినట్టు:
"అరువై రెండు."

బస్సు ఇంక రాలే.
బీడీ సగం నాకిచ్చిండు.